డిగ్రీలో జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ ఎలా చదవాలి: ఒక్క సికిల్ సెల్ జన్యువు పట్టుకుని సిలబస్ మొత్తం

వైజాగ్‌లో బీఎస్సీ బయోటెక్నాలజీ తీసుకున్నా, జువాలజీ, బోటనీ తీసుకున్నా ఈ రెండు పేపర్లూ తప్పవు, ఏవీఎన్ అయినా బుల్లయ్య అయినా కృష్ణా కాలేజీ అయినా యూనిట్లు కాస్త అటూ ఇటూ మారతాయేమో గానీ లోపల సరుకు అదే. ఇంటర్ బైపీసీలో బిట్లు బట్టీ పట్టి నెట్టుకొచ్చిన పిల్లలకి ఇక్కడే దెబ్బ పడుద్ది. ఎందుకంటే ఇవి చదివితే వచ్చేవి కావు, గీస్తే వస్తాయి, లెక్కేస్తే వస్తాయి. నేను మా జూనియర్లకి చెప్పే పద్ధతి ఒకటుంది, అదే ఇక్కడ మొదట్నుంచీ రాస్తున్నా, కాస్త పెద్దదే కాబట్టి సేవ్ చేసుకుని మెల్లగా ఒక్కో అడుగు చెయ్యండి.

పద్ధతి ఏంటంటే ఒకే ఒక్క జన్యువు తీసుకుని మెండెల్ దగ్గర్నుంచి క్రిస్పర్ (జన్యువుని కోసి మార్చే టెక్నిక్) దాకా దాన్నే పట్టుకుని వెళ్ళడం. నేను తీసుకునేది బీటా గ్లోబిన్, అంటే సికిల్ సెల్ జన్యువు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒక భాగం దీన్నుంచే తయారవుద్ది, అది చెడితే ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయే జబ్బే సికిల్ సెల్ అనీమియా. ఎందుకు ఇదే అంటే ఇది ఎక్కడో అమెరికా టెక్స్ట్‌బుక్ లో ఉండే జబ్బు కాదు, మన పక్కన పాడేరు, అరకు ఏజెన్సీ ఊళ్ళలో కుటుంబాలు దీంతో బతుకుతున్నాయి. కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలుపెట్టింది, అప్పట్నుంచి గిరిజన ప్రాంతాల్లో స్క్రీనింగ్ జరుగుతోంది. రేపు మీలో ఎవరో ఒకరు ల్యాబ్ టెక్నీషియన్ గానో కౌన్సిలర్ గానో ఆ పనిలోకే వెళ్ళొచ్చు, కాబట్టి మార్కుల కోసమే కాకుండా మనసు పెట్టి నేర్చుకోండి.

అడుగు 1: మొదటి వారంలో సిద్ధం చేసుకోవాల్సినవి

రూళ్ళు లేని తెల్ల నోట్‌బుక్ ఒకటి, నాలుగు రంగుల పెన్నులు, పూర్ణా మార్కెట్‌లో దొరికే ఎర్ర ఊలు, నీలం ఊలు ఒక్కో ఉండ. ఇంతే సామాను.

లెక్కలంటే భయం ఉన్నవాళ్ళు భిన్నాలు ఒక గంట చూసుకోండి చాలు, ప్రాబబిలిటీలో రెండే రెండు రూల్స్ కావాలి: ఇదీ అదీ రెండూ జరగాలంటే గుణించాలి, ఇదో అదో ఏదో ఒకటి జరిగితే చాలంటే కలపాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు నోట్‌బుక్ చివరి పేజీల్లో జంటలు రాసుకుంటూ పోండి, బహిర్గతం డామినెంట్, అంతర్గతం రిసెసివ్, దృశ్యరూపం ఫీనోటైప్, జన్యురూపం జీనోటైప్, సహలగ్నత లింకేజ్, అనులేఖనం ట్రాన్స్‌క్రిప్షన్, ఇలా. ఇంటర్‌లో నేర్చుకున్నది ఏదీ వృథా పోదు, పేరు మారింది అంతే.

అడుగు 2: మెండెల్ కంటే ముందు మియోసిస్

పుస్తకాల్లో మెండెల్ ముందొస్తాడు. మీరు మాత్రం మియోసిస్ (అండం, వీర్యకణం తయారయ్యే కణ విభజన) ముందు చెయ్యండి, ఎందుకంటే మెండెల్ చెప్పిన రెండు నియమాలూ మియోసిస్‌లో క్రోమోజోమ్‌లు కదిలే తీరు నుంచే వస్తాయి, అది కళ్ళతో చూసినవాడికి నియమాలు కంఠస్థం చెయ్యాల్సిన పనే ఉండదు.

ఊలు తీయండి. ఎరుపు అమ్మ నుంచి వచ్చింది, నీలం నాన్న నుంచి వచ్చింది. ఒక్కో రంగులో ఒక పొడుగు ముక్క, ఒక పొట్టి ముక్క, మొత్తం నాలుగు. పొడుగుది 11వ క్రోమోజోమ్ అనుకోండి, బీటా గ్లోబిన్ జన్యువు ఉండేది దాని మీదే. పొట్టిది 9వది అనుకోండి, ఏబీఓ బ్లడ్ గ్రూప్ జన్యువు దాని మీద ఉంటుంది (నిజానికి ఈ రెండిటి సైజు అంత తేడా ఉండదు, గుర్తు కోసం పొడుగు పొట్టి పెట్టుకున్నాం). చిన్న కాగితం ముక్కల మీద ఎర్ర పొడుగు దానికి ఏ అని, నీలం పొడుగు దానికి ఎస్ అని రాసి అంటించండి, ఏ అంటే మామూలు రకం, ఎస్ అంటే సికిల్ రకం. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఏఎస్ మనిషి సెల్, అంటే సికిల్ సెల్ క్యారియర్, జబ్బు ఉండదు గానీ ఒక ఎస్ కాపీ మోస్తుంటాడు.

ఎస్ ఫేజ్ (డీఎన్ఏ కాపీ అయ్యే దశ, మన ఎస్ కాపీతో దీనికి సంబంధం లేదు) అయింది అంటే ప్రతి ముక్కకీ అచ్చు అలాంటిదే ఇంకో ముక్క పక్కన పెట్టి రెండిటినీ కలిపి మధ్యలో ఒక ముడి వెయ్యాలి, ఆ ముడే సెంట్రోమియర్. ఇక్కడ చాలామంది తికమక పడేది క్రోమోజోమ్ సంఖ్యకీ డీఎన్ఏ పరిమాణానికీ తేడా దగ్గర. రూల్ సింపుల్, ముడితో కలిసిన జతని ఒకటిగా, ముడి లేని దారాన్ని ఒకటిగా లెక్కపెడితే క్రోమోజోమ్‌ల సంఖ్య, దారాలు లెక్కపెడితే డీఎన్ఏ పరిమాణం. ఎస్ ఫేజ్ ముందు నాలుగు క్రోమోజోమ్‌లు, నాలుగు దారాలు. తర్వాత ముడులు నాలుగే, దారాలు ఎనిమిది. మొదటి మియోసిస్‌లో ఎరుపు జంట, నీలం జంట విడిపోతాయి, ముడులు విప్పకూడదు, ఒక్కో సెల్‌కి రెండు ముడులు నాలుగు దారాలు. రెండో మియోసిస్‌లో ముడులు విప్పితే ఒక్కో సెల్‌కి రెండు క్రోమోజోమ్‌లు రెండు దారాలు. ఏ ఎస్ ఎప్పుడు విడిపోయాయో చూడండి, మొదటి మియోసిస్‌లోనే, అదీ సెగ్రిగేషన్ అంటే. పొడుగు ఎరుపుతో పొట్టి ఎరుపే వెళ్ళాలని ఏమీ లేదు, పొట్టి నీలం కూడా వెళ్ళొచ్చు, అదే ఇండిపెండెంట్ అసార్ట్‌మెంట్. రెండు జతలకి నాలుగు రకాల గామేట్లు వస్తే మనిషికి ఉన్న 23 జతలకి రెండు పవర్ 23, అంటే 83 లక్షల 88 వేల 608 రకాలు, అదీ క్రాసింగ్ ఓవర్ (ఎరుపు, నీలం దారాలు ముక్కలు మార్చుకోవడం) లేకుండానే.

ఇది మంచం మీద ఊలు పరుచుకుని రోజూ ఒకసారి చొప్పున వారం చెయ్యండి, తర్వాత ఊలు లేకుండా తెల్ల కాగితం మీద గీయగలరు.

అడుగు 3: మెండెల్ లెక్కలు, పెడిగ్రీలు

మెండెల్ 1865లో బ్రనో అనే ఊళ్ళో తన పని చదివి వినిపించాడు, 1866లో అచ్చయింది, 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు, ఈ కథ ఒక షార్ట్ ఆన్సర్‌కి సరిపోద్ది. అసలు విషయం ఆయన అంకెలు. రెండు లక్షణాల క్రాస్‌లో 556 గింజలు వస్తే గుండ్రం పసుపు 315, గుండ్రం ఆకుపచ్చ 108, ముడతల పసుపు 101, ముడతల ఆకుపచ్చ 32. వీటి మీదే కై స్క్వేర్ నేర్చుకోండి, అంటే వచ్చిన అంకెలకీ రావాల్సిన అంకెలకీ తేడా మామూలుదేనా అని చూసే లెక్క. 9:3:3:1 ప్రకారం రావాల్సినవి 312.75, 104.25, 104.25, 34.75. ప్రతిదానికీ తేడా తీసి, వర్గం చేసి, రావాల్సిన అంకెతో భాగించి, నాలుగూ కలిపితే 0.47 వస్తుంది. నాలుగు క్లాసులు కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మూడు, టేబుల్‌లో 5 శాతం దగ్గర విలువ 7.815, మనది దానికంటే చాలా తక్కువ, కాబట్టి 9:3:3:1 ని కాదనడానికి కారణం లేదు అని రాయాలి. "హైపోథెసిస్ ప్రూవ్ అయింది" అని మాత్రం రాయకండి, కై స్క్వేర్ దేన్నీ నిరూపించదు.

16 గళ్ళ పన్నెట్ స్క్వేర్ ఒక్కసారి గీసి వదిలెయ్యండి. మూడు జన్యువులు వస్తే 64 గళ్ళు గీస్తూ కూర్చుంటే పరీక్ష టైం అక్కడే అయిపోద్ది. ఒక్కో జన్యువుకి విడివిడిగా చేసి గుణించండి. మూడిటికీ హెటెరోజైగస్ (ఒక డామినెంట్, ఒక రిసెసివ్ కాపీ ఉన్న) అయిన ఇద్దరి మధ్య క్రాస్‌లో మొదటి రెండూ డామినెంట్, మూడోది రిసెసివ్ కావాలంటే 3/4 × 3/4 × 1/4 = 9/64. ఒక్క లైన్.

ఇక పెడిగ్రీ, అంటే కుటుంబంలో జబ్బు ఎవరికుందో చూపే బొమ్మ. ఒక అబ్బాయికి జబ్బు లేదు, వాళ్ళ తమ్ముడికి సికిల్ సెల్ అనీమియా ఉంది, అమ్మానాన్నలకి జబ్బు లేదు. ఈ అబ్బాయి క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? క్లాసులో సగం మంది 1/2 అంటారు. తమ్ముడు ఎస్ఎస్ కాబట్టి అమ్మానాన్న ఇద్దరూ ఏఎస్. పిల్లల్లో ఏఏ ఒక వంతు, ఏఎస్ రెండు వంతులు, ఎస్ఎస్ ఒక వంతు. కానీ ఈ అబ్బాయికి జబ్బు లేదని మనకి ముందే తెలుసు, అంటే ఎస్ఎస్ గడి కొట్టెయ్యాలి, మిగిలిన మూడిట్లో రెండు ఏఎస్, కాబట్టి 2/3. ఇప్పుడు ఇతను సరిగ్గా ఇలాంటి కుటుంబం నుంచే వచ్చిన అమ్మాయిని పెళ్ళి చేసుకుంటే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 2/3 × 2/3 × 1/4 = 1/9. ఈ ఒక్క లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి, ఎందుకంటే ఏజెన్సీలో కౌన్సిలింగ్ చేసేవాళ్ళు కుటుంబాలకి చెప్పాల్సింది అచ్చంగా ఇదే. అక్కడైతే ఒక బ్లడ్ టెస్ట్‌తో ఏఏనా ఏఎస్సా తేలిపోద్ది, అప్పుడు 2/3 కాస్తా సున్నా గానీ ఒకటి గానీ అయిపోద్ది.

ఇదే జన్యువుతో డామినెన్స్ చాప్టర్ కూడా తేలిపోతుంది. జబ్బు ఉందా లేదా అని చూస్తే ఎస్ రిసెసివ్. ఎలక్ట్రోఫోరెసిస్‌లో (కరెంటు పెట్టి ప్రోటీన్లని చార్జ్ బట్టి విడదీసే పద్ధతి) చూస్తే ఏఏకి ఒక బ్యాండ్, ఎస్ఎస్‌కి ఇంకో చోట ఒక బ్యాండ్, ఏఎస్‌కి రెండూ, అంటే కోడామినెన్స్. డామినెన్స్ అనేది మీరు ఏ లెవెల్‌లో చూస్తున్నారన్న దాని మీద ఉంటుంది, ఎగ్జామ్‌లో ఈ ఉదాహరణ రాస్తే వాల్యుయేషన్ చేసేవాళ్ళకి మీకు అర్థమైందని తెలుస్తుంది. ఒకే మార్పు వల్ల రక్తహీనత, నొప్పులు, ప్లీహం దెబ్బతినడం ఇన్ని వస్తున్నాయి కాబట్టి ప్లయోట్రోపీకి కూడా ఇదే ఉదాహరణ. ఏఎస్ వాళ్ళకి ఫాల్సిపేరమ్ మలేరియా తీవ్రంగా ముదరకుండా కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆలిసన్ చూపించాడు, మలేరియా ఎక్కువగా ఉండే చోట్ల ఈ జన్యువు ఎందుకు పోకుండా నిలిచిందో దాంతో అర్థమవుతుంది. హార్డీ-వైన్‌బర్గ్ చేసేటప్పుడు కూడా ఇదే వాడండి: ఒక ఊళ్ళో పుట్టినవాళ్ళలో నూటికి ఒకరు ఎస్ఎస్ అనుకుంటే 0.01 కి వర్గమూలం తీస్తే ఎస్ ఫ్రీక్వెన్సీ 0.1, క్యారియర్లు 2 × 0.9 × 0.1 = 0.18, అంటే నూటికి 18 మంది. జబ్బు ఒక్కరికి కనపడితే దాని వెనక 18 మంది క్యారియర్లు.

అడుగు 4: లింకేజ్ బేగి అయిపోద్ది

ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి వెళ్ళడమే లింకేజ్, దీనికి భయపడేంత ఏమీ లేదు. టెస్ట్ క్రాస్‌లో (అన్నీ రిసెసివ్ ఉన్నదానితో చేసే క్రాస్) 1000 పిల్లలు, 415, 405, 92, 88 వచ్చాయనుకోండి. పెద్ద అంకెలు రెండూ పేరెంటల్స్, చిన్నవి రెండూ రికాంబినెంట్స్, 180/1000, అంటే 18 మ్యాప్ యూనిట్లు. మూడు జన్యువుల లెక్కలో అన్నిటికంటే తక్కువ వచ్చిన జత డబుల్ క్రాసోవర్, దాన్ని పేరెంటల్ పక్కన పెట్టి చూస్తే ఏ ఒక్క జన్యువు అటూ ఇటూ మారిందో అదే మధ్యలోది. దూరం లెక్కేసేటప్పుడు డబుల్ క్రాసోవర్లని రెండు వైపులా కలపడం మర్చిపోవద్దు. మోర్గాన్ దగ్గర చదువుకుంటున్న స్టర్టెవాంట్ 1913లో మొదటి క్రోమోజోమ్ మ్యాప్ అచ్చువేసేనాటికి మీకంటే రెండు మూడేళ్ళే పెద్ద. పది లెక్కలు చేస్తే ఈ యూనిట్ మీదే.

అడుగు 5: మాలిక్యులర్ బయాలజీ, ఎలా తెలిసింది అని అడుగుతూ

ఇక్కడికొచ్చేసరికి పేర్ల వాన మొదలవుద్ది, హెలికేజ్, ప్రైమేజ్, లైగేజ్, టోపోఐసోమరేజ్, వీటిని టేబుల్ వేసి బట్టీ పడితే పరీక్ష మర్నాడు ఒక్కటీ గుర్తుండదు. దానికి బదులు ప్రతి విషయం కింద ఒక ప్రశ్న రాయండి: ఇది వాళ్ళకి ఎలా తెలిసింది? గ్రిఫిత్ 1928, ఏవరీ 1944, హెర్షీ-చేజ్ 1952, మెసల్సన్-స్టాల్ 1958, నీరెన్‌బర్గ్-మథాయ్ 1961. డీఎన్ఏయే జన్యుపదార్థం అని, అది ఎలా కాపీ అవుద్దో, దాని కోడ్ ఏంటో తేల్చిన ఈ ఐదు ప్రయోగాలు బొమ్మతో సహా వస్తే రెండు యూనిట్లు వచ్చినట్టే.

ప్రయోగం చదివే పద్ధతి కూడా ఉంది. రిజల్ట్ పేజీ చేత్తో మూసెయ్యండి. మెసల్సన్-స్టాల్ తీసుకోండి, ఈ.కోలై ని చాలా తరాలు బరువైన నైట్రోజన్-15 లో పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్-14 లోకి మార్చారు, ప్రతి తరంలో డీఎన్ఏ తీసి ట్యూబులో గిర్రున తిప్పి బరువు ప్రకారం విడదీశారు, ఇక్కడ ఆగి మీరే మూడు ట్యూబులు గీయండి, కన్సర్వేటివ్ (పాత రెండు దారాలూ కలిసే ఉంటాయి) అయితే బ్యాండ్లు ఎక్కడ రావాలి, సెమీకన్సర్వేటివ్ (ఒక పాత దారం, ఒక కొత్త దారం) అయితే ఎక్కడ, డిస్పర్సివ్ (ప్రతి దారంలో పాతా కొత్తా ముక్కలు కలుస్తాయి) అయితే ఎక్కడ. మొదటి తరం తర్వాత ఒకే బ్యాండ్ మధ్యలో వచ్చింది, దాంతో కన్సర్వేటివ్ పోయింది, కానీ డిస్పర్సివ్ ఇంకా బతికే ఉంది. రెండో తరంలో సగం మధ్యలో, సగం తేలికగా పైన వచ్చాయి, అక్కడ డిస్పర్సివ్ కూడా పోయింది. మూడో తరంలో మధ్య బ్యాండ్ ఎంత ఉండాలో మీరే చెప్పండి. నాలుగో వంతు. ఇలా ముందు ఊహించి తర్వాత చూస్తే ఆ ప్రయోగం జన్మలో మర్చిపోరు.

హెర్షీ-చేజ్ కూడా అంతే, ఫాస్ఫరస్-32 డీఎన్ఏకి, సల్ఫర్-35 ప్రోటీన్‌కి ఎందుకు ఎంచుకున్నారో కెమిస్ట్రీ వైపు నుంచి ఆలోచించండి, డీఎన్ఏలో సల్ఫర్ ఉండదు, వాళ్ళు వాడిన ఫేజ్ (బ్యాక్టీరియాని పట్టే వైరస్) ప్రోటీన్లలో ఫాస్ఫరస్ దాదాపు ఉండదు.

అడుగు 6: ఒక వరుస చేత్తో రాయండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు, ఇక్కడ తొందరపడకండి. బీటా గ్లోబిన్ జన్యువు కోడింగ్ వరుస మొదలు ఇలా ఉంటుంది, 5 ప్రైమ్ నుంచి 3 ప్రైమ్ వైపు (ఇవి డీఎన్ఏ దారం రెండు కొసల పేర్లు):

ఏటీజీ – జీటీజీ – సీఏటీ – సీటీజీ – ఏసీటీ – సీసీటీ – జీఏజీ – జీఏజీ

నోట్‌బుక్‌లో రాసి దాని కింద టెంప్లేట్ స్ట్రాండ్ (ఎంఆర్ఎన్ఏ తయారీకి అచ్చుగా వాడే దారం) రాయండి, ఇది 3 ప్రైమ్ నుంచి మొదలవ్వాలి: టీఏసీ, సీఏసీ, జీటీఏ, జీఏసీ, టీజీఏ, జీజీఏ, సీటీసీ, సీటీసీ. రెండు కొసలకీ 5, 3 రాయకుండా ఒక్క స్ట్రాండ్ కూడా గీయకండి, ఈ అలవాటు ఒక్కటే సగం తప్పుల్ని ఆపేస్తుంది. దాని కింద ఎంఆర్ఎన్ఏ, కోడింగ్ స్ట్రాండ్ లాగే ఉంటుంది, టీ ఉన్నచోట యూ. దాని కింద కోడాన్ (ఒక అమైనో ఆసిడ్‌ని చెప్పే మూడక్షరాలు) టేబుల్ చూసి అమైనో ఆసిడ్లు: మెథియోనైన్, వాలైన్, హిస్టిడైన్, ల్యూసిన్, థ్రియోనైన్, ప్రోలైన్, గ్లుటామిక్ ఆసిడ్, గ్లుటామిక్ ఆసిడ్. మొదటి మెథియోనైన్ తర్వాత తీసేయబడుతుంది, అందుకే లెక్క వాలైన్ నుంచి, అలా చూస్తే మొదటి గ్లుటామిక్ ఆసిడ్ ఆరోది.

ఇప్పుడు ఆ ఆరో కోడాన్ జీఏజీ లో మధ్య ఏ కొట్టేసి టీ పెట్టండి. జీటీజీ. ఎంఆర్ఎన్ఏలో జీయూజీ, అంటే వాలైన్. ఒక్క అక్షరం. గ్లుటామిక్ ఆసిడ్‌కి నెగటివ్ చార్జ్ ఉంటుంది, వాలైన్‌కి ఏ చార్జూ లేదు, నీళ్ళంటే పడదు, అందుకే ఆక్సిజన్ వదిలేశాక హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పొడుగు తీగలు కడతాయి, కణం కొడవలి ఆకారంలోకి వంగిపోద్ది. ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎస్ బ్యాండ్ వెనకబడటానికి కారణం కూడా పోయిన ఆ నెగటివ్ చార్జే, 1949లో పౌలింగ్ వాళ్ళు చూసింది అదే. అంటే అడుగు 3లో మీరు రెండు బ్యాండ్లు అని రాసుకున్నదానికి కారణం ఇప్పుడు మీ నోట్‌బుక్‌లోనే ఉంది.

ఇక్కడే ఆగకుండా మిగతా మ్యుటేషన్లు కూడా ఇదే వరుస మీద మీరే చెయ్యండి. ఒక అక్షరం తీసేస్తే ఫ్రేమ్ ఎలా జరిగిపోద్దో రాయండి. జీఏజీ ని జీఏఏ చేస్తే అదే గ్లుటామిక్ ఆసిడ్, సైలెంట్. జీఏజీ లో మొదటి జీ ని టీ చేస్తే టీఏజీ, స్టాప్. ఈ జన్యువులో మూడు ఎక్సాన్లు (ఎంఆర్ఎన్ఏలో మిగిలే ముక్కలు), రెండు ఇంట్రాన్లు (మధ్యలో కత్తిరించి తీసేసే ముక్కలు) ఉంటాయి, ఆ కత్తిరించి అతికించే పనే స్ప్లైసింగ్, మన దేశంలో బీటా తలసీమియాకి (బీటా గ్లోబిన్ సరిపడా తయారవని జబ్బు) ఎక్కువగా కనపడే మార్పు మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం జీ పోయి సీ రావడం, అంటే ప్రోటీన్ కోడ్ చెడకపోయినా స్ప్లైసింగ్ చెడితే జబ్బు వస్తుంది. స్ప్లైసింగ్ ఎందుకు చదవాలి అన్నదానికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు.

టెక్నిక్స్ యూనిట్ కూడా ఇక్కడే అంటుకుంటుంది. ఎంఎస్‌టీ-2 అనే రెస్ట్రిక్షన్ ఎంజైమ్ సీసీటీ, ఏదో ఒక అక్షరం, ఏజీజీ ఉన్నచోట కోస్తుంది. పైన మీ వరుసలో సీసీటీ-జీఏజీ-జీ వెతకండి, కనపడిందా? ఎస్ మార్పుతో ఆ చోటు పోతుంది, కాబట్టి సదరన్ బ్లాట్‌లో (డీఎన్ఏ ముక్కల్ని సైజు ప్రకారం విడదీసి కావాల్సిన ముక్కని గుర్తించే పద్ధతి) మామూలు జన్యువుకి 1.15 కిలోబేస్ ముక్క వస్తే ఎస్ కి 1.35 కిలోబేస్ ముక్క వస్తుంది. ఏఏ, ఏఎస్, ఎస్ఎస్ ముగ్గురికీ బ్యాండ్లు గీసి చూసుకోండి. ఫోన్ ఉంటే ఎన్‌సీబీఐ సైట్‌లో బ్లాస్ట్ (వరుసలు పోల్చి వెతికే టూల్) ఓపెన్ చేసి ఈ అక్షరాలకి తర్వాత వచ్చే ఏఏజీ, టీసీటీ కూడా కలిపి పెట్టి కొట్టండి, ఫ్రీయే, మనిషి బీటా గ్లోబిన్ దానంతట అదే పైకొస్తుంది.

అడుగు 7: రెగ్యులేషన్

లాక్ ఒపెరాన్ (లాక్టోజ్ చక్కెర వాడుకోవడానికి బ్యాక్టీరియాలో ఒకే స్విచ్ కింద ఉండే జన్యువుల గుంపు) కథలా చదవకండి, స్విచ్‌ల టేబుల్ వెయ్యండి. లాక్టోజ్ ఉంది లేదు, గ్లూకోజ్ ఉంది లేదు, నాలుగు గళ్ళు, ఎక్కువ ట్రాన్స్‌క్రిప్షన్ జరిగేది లాక్టోజ్ ఉండి గ్లూకోజ్ లేని గడిలో ఒక్కదాంట్లోనే. తర్వాత మ్యూటెంట్లు: ఒక కణంలో రెండు ఒపెరాన్లు ఉన్నాయనుకోండి, రిప్రెసర్ (ఒపెరాన్‌ని ఆపే) ప్రోటీన్ ఎటైనా తిరగ్గలదు కాబట్టి దాని జన్యువు మంచి కాపీ ఒకటి ఉంటే రెండు ఒపెరాన్లనీ మూసేస్తుంది, ఆపరేటర్ (రిప్రెసర్ అతుక్కునే డీఎన్ఏ చోటు) మాత్రం తన పక్కనున్న జన్యువులకే పనిచేస్తుంది. ట్రాన్స్, సిస్ తేడా అంతే.

మనుషుల్లో రెగ్యులేషన్‌కి మళ్ళీ మన జన్యువే. కడుపులో బిడ్డకి బీటా బదులు గామా గ్లోబిన్ ఎక్కువ తయారవుతుంది, పుట్టాక నెలల్లో గామా తగ్గి బీటా పెరుగుతుంది, అందుకే సికిల్ సెల్ లక్షణాలు పుట్టగానే కనపడవు. హైడ్రాక్సీయూరియా మందు గామాని కొంత పెంచుతుంది. 2023 చివర్లో యూకే, అమెరికా ఆమోదించిన క్రిస్పర్ చికిత్స ఎస్ అక్షరాన్ని సరిచెయ్యదు, గామాని ఆపే బీసీఎల్11ఏ అనే జన్యువు ఎన్‌హాన్సర్‌ని (జన్యువు పనిని పెంచే డీఎన్ఏ ముక్క) రక్త మూలకణాల్లో పాడుచేసి గామాని మళ్ళీ ఆన్ చేస్తుంది. లాక్ ఒపెరాన్ అర్థమైన పిల్లకి ఇది విని ఒళ్ళు పులకరించాలి.

అడుగు 8: ప్రాక్టికల్స్

ఉల్లి వేరు స్క్వాష్‌లో మార్కులు పోయేది స్టెయిన్ దగ్గర కాదు, వేరు దగ్గర. రైతు బజార్ నుంచి తెచ్చిన ఉల్లిపాయకి పాత వేళ్ళు గీకేసి అడుగు నీళ్ళకి తగిలేలా గ్లాసు మీద పెట్టండి, మన ఉక్కకి నీళ్ళు బేగి కంపు కొడతాయి కాబట్టి రోజూ మార్చండి. కొత్త వేళ్ళు రెండు సెంటీమీటర్లు వచ్చాక ఉదయం పూట కోసి మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు ఎసిటిక్ ఆసిడ్ కలిపిన దాంట్లో వెయ్యాలి. స్లైడ్ మీద చిట్టచివరి ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంచండి, డివిజన్ జరిగేది అక్కడే. మైక్రోస్కోప్‌లో తక్కువ పవర్‌లో వెతికి తర్వాత పెంచండి, ఎక్కువ కణాలు ఇంటర్‌ఫేజ్‌లోనే ఉంటాయి, కంగారు పడొద్దు. ఉల్లికి 16 క్రోమోజోమ్‌లు, మంచి మెటాఫేజ్ దొరికితే లెక్కపెట్టండి. రికార్డ్‌లో పుస్తకం బొమ్మ కాకుండా మీకు కనపడిందే గీస్తే వైవాలో ఏం అడిగినా చెప్పగలరు.

అడుగు 9: సెమిస్టర్ ముందు

తెల్ల కాగితం, పెన్ను, పుస్తకం మూసెయ్యాలి. టాపిక్ పేరు పైన రాసి గుర్తున్నదంతా బొమ్మగా గీయండి, తర్వాత పుస్తకం తెరిచి మిస్సయినవి ఎర్ర పెన్నుతో పెట్టండి, రెండు మూడు రోజులాగి అదే టాపిక్ మళ్ళీ. హైలైటర్‌తో రంగులేసుకుంటూ పదిసార్లు చదవడం కంటే ఇది చాలా నయం. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చోండి. ముగ్గురు కలిస్తే ఒకరు ఊలుతో మియోసిస్, ఒకరు బీటా గ్లోబిన్ వరుస, ఒకరు పెడిగ్రీ మిగతా ఇద్దరికీ చెప్పాలి, చెప్పేటప్పుడు ఎక్కడ ఆగిపోయారో అదే ఇవాళ రాత్రి చదవాల్సింది. హ్యూమన్ జెనెటిక్స్‌లో ముందుకి వెళ్ళాలనుకుంటే ఆంధ్రా యూనివర్సిటీలోనే ఆ డిపార్ట్‌మెంట్ ఉంది, ఊరు దాటక్కర్లేదు.

పరీక్షలో పెడిగ్రీ వస్తే వరుస ఇది: జబ్బు లేని తల్లిదండ్రులకి జబ్బున్న బిడ్డ ఉంటే రిసెసివ్ అని ముందు రాయండి, ఆ బిడ్డ అమ్మాయై నాన్నకి జబ్బు లేకపోతే ఎక్స్ లింక్డ్ కాదు అని కొట్టెయ్యండి, తర్వాత ఖచ్చితంగా తెలిసిన జీనోటైప్‌లు బొమ్మ మీదే రాసి, తెలియనివాళ్ళకి మాత్రమే ప్రాబబిలిటీ వేసి, ప్రతి భిన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో పక్కనే ఒక ముక్క రాయండి, ఆఖర్లో గుణకారం తప్పినా స్టెప్స్‌కి మార్కులు పడతాయి.